పోపులడబ్బాలో నడిమి గిన్నె

"నేనే సంపిన సారూ. రాస్కోండ్రి."

దుర్గమ్మ ఈ మాట అనడం ఇది మూడోసారి. బుధవారం మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ జగన్మోహన్ ముందు ఒకసారి అంది. నిన్న మొగుడు సాంబయ్య ముందు ఒకసారి అంది. ఇప్పుడు శుక్రవారం పొద్దున పదకొండూ పదికి, స్టేషన్ వెనక గదిలో గోడకు ఆనుకుని కూర్చుని, సాంబయ్య బతిమాలి పంపిన ప్రైవేటు డిటెక్టివ్ మొగిలయ్యతో అంటోంది.

మొగిలయ్య ఆమెకు ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు. యాభై రెండేళ్ల మనిషి. ఇరవై రెండేళ్లు ఇదే డిపార్టుమెంటులో చేసి, పైవాళ్లు చేసిన తప్పుకు హెడ్‌కానిస్టేబుల్ బట్టలు విప్పి ఇచ్చి వచ్చినవాడు. ఎవరైనా నేరం ఒప్పుకున్నారంటే అతనికి ముందు అనుమానం వస్తుంది. ఒప్పుకోలు ఎట్లా పుడుతుందో, దానికి ఎవరు మంత్రసానితనం చేస్తారో చూసినవాడు.

"ఎట్ల సంపినవ్?"

"సంపిన. గంతే."

"గొంతు పిసికినవా?"

"అయ్యో, గట్లెట్ల పిసుకుత సారూ అమ్మను."

"మరి గోలీలు ఎక్కువ మింగిచ్చినవా?"

దుర్గమ్మ చూపు నేలకు దించుకుంది. ముఖం నిండా చెమట. చేతులు రెండూ చంకల్లో దాచుకుంది గానీ భుజాలు వణుకుతూనే ఉన్నాయి. "ఆ పంక బందు జెయ్యమను సారూ," అంది కళ్లు మూసుకుని. "నెత్తిల తిరిగినట్టే అయితుంది."

తలుపు దగ్గర నిలబడ్డ మహిళా కానిస్టేబుల్ సంతోషి విసుక్కుంది. "రెండు రోజులసంది గిదే లొల్లి మొగిలన్నా. పంక బందు జెయ్యమంటది, లైటు బందు జెయ్యమంటది, ఒంటి మీద చీమలు పారుతున్నయంటది. తాను నిద్రపోదు, నన్ను పోనియ్యది."

"రెండు రోజులా? కాగితం మీద ఇయ్యాల పొద్దున ఆరింటికి పట్టుకున్నమని రాసిన్రు గదా."

సంతోషి నాలుక కరుచుకుని గోడ వైపు తిరిగింది.

ఇరవై నాలుగు గంటల్లో జడ్జి ముందు నిలబెట్టాలి కాబట్టి, రెండు రోజులు ఉత్తినే కూర్చోబెట్టుకుని మూడో రోజు అరెస్టు రాయడం కొత్త సంగతేమీ కాదు. మొగిలయ్య కూడా ఒకప్పుడు అట్లాంటి రాతలు చాలానే రాశాడు.

"ఏమయ్యా మొగిలయ్యా, పది నిమిషాలన్నావు, పావుగంటయింది." జగన్మోహన్ చేతిలో టీ గ్లాసుతో లోపలికి వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా. "ఏం తేల్చావు?"

"తేలాల్సింది మీకు ముందే తేలిందట గదా సార్."

"తేలకేం. విను." జగన్మోహన్ వేళ్లు మడిచాడు. "ఈవిడ పనిచేసే ఇంటి త్రిపురసుందరమ్మగారికి డాక్టరు రాసింది రాత్రికొక్క నిద్రమాత్ర. ఈవిడ మెడికల్ షాపులో కొన్నది వారానికి నాలుగు షీట్లు. అరవై మాత్రలు. మిగతావి ఏమయ్యాయి? దాచింది. మంగళవారం సాయంత్రం ఆవిడ 'మార్చేశావే, నా మాత్రలు మార్చేశావే నువ్వు' అని అరిచింది. పక్కింటివాళ్లు విన్నారు. బుధవారం పొద్దున ఆవిడ పోయింది. మధ్యాహ్నం ఈవిడ కొంగు విప్పితే ఎనిమిది మాత్రలు. పైగా నేనే చంపానంటోంది. ఇంకేం కావాలి నీకు?"

"పోస్టుమార్టం రిపోర్టు?"

"కడుపులోవి ల్యాబుకు పంపాం. వచ్చేసరికి నెలలు పడుతుంది. ఈలోపు ఈవిడ లోపల ఉంటుంది. నాలుగింటికి మేజిస్ట్రేటు దగ్గరికి." గ్లాసు కిటికీలో పెట్టి నవ్వాడు. "అయినా నిద్రమాత్రల సంగతి నీకు చెప్పాలా? సస్పెండయ్యాక మూడేళ్లు నువ్వు బతికింది వాటి మీదే కదా."

మొగిలయ్య లేచి ప్యాంటు దులుపుకున్నాడు. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. వాచీ చూసుకున్నాడు. నాలుగింటికి ఇంకా నాలుగు గంటల నలభై నిమిషాలు ఉంది. జైలు గేటు దాటిందంటే దుర్గమ్మ మళ్లీ బయట గాలి పీల్చేది ఎన్నడో ఎవరూ చెప్పలేరు.

మెడికల్ షాపు నాచారం రోడ్డులో, మందుల కంపెనీల బస్సులు ఆగే చోట. పన్నెండూ ఐదుకు మొగిలయ్య చేతక్ స్కూటర్ దాని ముందు ఆగింది. షాపు ఉమామహేశ్వర్‌ది.

"చీటీ లేకుండ ఎట్ల ఇస్తున్నవ్ గోలీలు?"

"చీటీ ఎందుకు లేదన్నా, ఉంది. పదకొండేండ్ల కిందటిది. మడతల కాడ చినిగి నాలుగు ముక్కలయ్యింది. అప్పటిసంది ఖాళీ షీటు తెస్తరు, సూస్త, నిండు షీటు ఇస్త."

"ఆ చీటీల డాక్టరు ఎన్ని రోజులకు రాసిండు?"

ఉమామహేశ్వర్ బీపీ మందుల అర వైపు చూశాడు. "పదిహేను రోజులకు. ఆమె భర్త పోయినప్పుడు."

"పదిహేను రోజులవి పదకొండేండ్లు."

"నేనియ్యకుంటే ఎదురుంగ షాపోడు ఇస్తడు. నాకెందుకన్నా పాపం."

"మొదట్ల ఎన్ని కొనేది?"

"వారానికి సగం షీటు. తర్వాత ఒకటి. మూడు షీట్లకొచ్చినంక శానా రోజులు గట్లనే నిలవడ్డది. నాలుగోది ఏడేండ్ల సంది. అరవై గోలీలు, ఒక మిల్లీగ్రాముయి, ప్రతి గురువారం. పోయిన వారం గురువారం గూడ తీస్కపోయింది దుర్గమ్మ."

"దుర్గమ్మ పనిల జేరి?"

"తొమ్మిదేండ్లయితది కావొచ్చు."

మొగిలయ్య జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. ఏడేళ్లు. నాలుగో షీటు. విషం పెట్టాలనుకున్న మనిషి ఏడేళ్ల ముందు నుంచి మాత్రలు దాచదు. పెట్టేదైతే వారం చాలు.

ఒంటిగంటకు ఉప్పల్‌లో త్రిపురసుందరమ్మ ఇంటి తలుపు తట్టాడు. తీసింది ఆమె ఒక్కతే కూతురు విజయశ్రీ. ముప్పై ఆరేళ్లుంటాయి. నాచారంలో మాత్రలు చేసే కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ కెమిస్టు. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బి ఉంది.

"మీరు దుర్గమ్మ తరఫున వచ్చారు," అంది తలుపుకు అడ్డంగా నిలబడే. "మా అమ్మ పోయి మూడు రోజులు కూడా నిండలేదు."

"నాలుగింటికి ఆమెను జైలుకు పంపుతున్నరు తల్లీ. తప్పు జేస్తే పోనీ. చెయ్యకుంటే? ఒక్కసారి ఇల్లు సూసి పోత."

ఆమె పక్కకు జరిగింది.

త్రిపురసుందరమ్మ పడిపోయిన స్నానాలగది చిన్నది. నేల గరుకు రాయి, కాలు జారేది కాదు. మూలలో ఇత్తడి చెంబు, దాని అంచు సొట్టపోయి ఉంది. గోడ మీద మోకాలెత్తున ఎర్రటి చారలు రెండు, కడిగినా పోలేదు.

"ఏం జరిగిందో గంటల లెక్కన చెప్పు."

"బుధవారం ఏడూ ఇరవైకి చెంబు పడ్డ చప్పుడు. తలుపు గడియ వెయ్యలేదు. వెళ్లేసరికి అమ్మ కింద ఉంది. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి. నోట్లోంచి రక్తం. నాలుక కొరుక్కుంది. ఏడూ ముప్పై ఐదుకు అంతా ఆగిపోయింది. నూట ఎనిమిది వచ్చేసరికి ఏడూ యాభై ఐదు."

"దుర్గమ్మ?"

"ఎనిమిదింటికి వచ్చింది. ఎప్పుడూ అప్పుడే వస్తుంది."

"అంతకుముందు అమ్మ ఎట్లుండె?"

"సోమవారం రాత్రి ఒక్క క్షణం కన్ను మూయలేదు. మేడ మీద ఎవరో నడుస్తున్నారంది. మా ఇంటికి మేడే లేదు. మంగళవారం చెమటలు, వణుకు. దుర్గమ్మ మీద అరిచింది. ఎన్నడూ అరిచే మనిషి కాదు."

మొగిలయ్య గోడ మీది చారల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. "నిద్రగోలీలు శానా మింగినోళ్లు ఎట్ల పోతరో నేను డ్యూటీల సూసిన తల్లీ. గురక పెట్టుకుంట, మెల్లగ చల్లబడుకుంట పోతరు. రెండు రాత్రులు మేలుకోని, గోడకు చెంబు కొట్టి, నాలుక కొరుక్కోని పోరు. అమ్మ గోలీలు ఎక్కడ పెడ్తది?"

"పోలీసులు తీసుకెళ్లారుగా, ఖాళీ షీట్లన్నీ."

"ఖాళీయి కాదు. నిండుయి."

విజయశ్రీ అతని ముఖంలోకి చూసింది. తర్వాత వంటింట్లోకి నడిచింది. పొయ్యి పక్క అరలో ఆవాల సీసా, పసుపు డబ్బా, వాటి నడుమ గుండ్రటి స్టీలు పోపులడబ్బా. జగన్మోహన్ మనుషులు ఇల్లంతా గాలించి దీని మీద చెయ్యి కూడా వెయ్యలేదంటే తప్పు పట్టడానికి లేదు. ఏ ఇంట్లోనైనా అందులో మెంతులే ఉంటాయి.

మూత తీశాడు. చుట్టూ ఆరు గిన్నెలు, నడుమ ఒకటి. ఒక్క ఆవగింజ లేదు. అన్నిట్లోనూ మాత్రలే.

"అమ్మకు శుక్లాలు," అంది విజయశ్రీ. "రంగు కనిపించేది కాదు. వేలితో తడిమి గిన్నె లెక్క పెట్టుకునేది. షుగరుది ఇది, బీపీది ఇది. నడుమది నిద్రది. ప్రతి ఆదివారం షీట్లలోంచి విప్పి నేనే నింపుతాను."

"ఈ ఆదివారం నడిమి గిన్నెల ఎన్ని వోసినవ్?"

"నలభై ఐదు. మూడు షీట్లు."

మొగిలయ్య అరచేతిలోకి ఒంపి లెక్కపెట్టాడు. పంతొమ్మిది. "రోజుకెన్ని మింగేది?"

"ఆరు."

"ఆది, సోమ, మంగళ. పద్దెనిమిది పోవాలె. ఇరవై ఆరు పోయినయి. ఆరుకు ఆరు మింగి, చాలక ఇంకెనిమిది మింగింది. అయినా కన్ను మూతవడలే."

ఒక మాత్ర తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. విజయశ్రీ చెయ్యి చాపింది గానీ ఆపలేదు.

ఆ మాత్ర రుచి మొగిలయ్యకు ఎవరూ చెప్పక్కర్లేదు. మూడేళ్లు పొద్దునా సాయంత్రం నాలుక కింద కరిగించుకున్న చేదు అది. మానుదామని ఒకసారి ఒక్కదెబ్బన మానేసి, నాలుగో రోజు సొంత కొడుకు మీదికి కత్తిపీట ఎత్తాడు. ఆ తర్వాత ఒక మంచి డాక్టరు దొరికి పద్నాలుగు నెలలు పట్టి మానిపించాడు. సగం, అందులో సగం, చివరకు గోరంత ముక్క. పెళ్లాం బ్లేడుతో కోసి ఇచ్చేది.

ఈ మాత్ర చేదు లేదు. పాలపిండిలా తియ్యగా కరిగిపోయింది.

"ఇందుల మందు లేదు," అన్నాడు.

విజయశ్రీ పొయ్యి గట్టు పట్టుకుంది.

"అచ్చు అదే సైజు, నడుమ అదే గీత. బజార్ల దొరికేది కాదు. మీ కంపెనీల మిషను కొత్తగ బిగిచ్చినప్పుడు ఒట్టి పిండితోని గోలీలు కొట్టి సూస్తరట గదా. బరువు సరిగ వస్తుందో లేదో అని. నిజమేనా?"

"నిజమే." గొంతు చాలా చిన్నగా వచ్చింది. "వాటిని తర్వాత నలిపి పారేస్తారు. నేను ఒక కవరు నింపి తెచ్చాను."

"ఎందుకు?"

"ఎందుకేమిటి? పదకొండేళ్లు! మా అమ్మ ఇన్సూరెన్సు ఆఫీసులో చీఫ్ క్లర్కుగా చేసింది. అలాంటి మనిషి పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయేది. రెండుసార్లు మెట్ల మీద పడింది. మానమ్మా అంటే రేపు, ఎల్లుండి అనేది. అంతా అలవాటే, మనసులోనే ఉందనుకున్నాను. మాత్ర వేసుకున్నాననే తృప్తి ఉంటే చాలు, పది రోజుల్లో తేరుకుంటుందనుకున్నాను. తేరుకున్నాక చెప్పి ఇద్దరం నవ్వుకుందామనుకున్నాను." ఆగింది. "పిండి బిళ్ల ఎవరినీ చంపదు కదండీ?"

మొగిలయ్యకు ఆమె మీద కోపం రాలేదు. రావాలని చూశాడు గానీ రాలేదు. "గోలీల మందు ఎంతున్నదో నువ్వు మిల్లీగ్రాముల జెప్తవ్. ఒంట్ల అది ఎంత లోతుకు దిగిందో నీకెవ్వరు చెప్పలే. పదకొండేండ్లు మింగినదాన్ని ఒక్కనాడు ఆపితే ఫిట్స్ వస్తయ్ తల్లీ. పిండి బిళ్ల సంపలే. మందు లేకపోవుడు సంపింది."

విజయశ్రీ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. పోపులడబ్బా మూత ఒళ్లో పెట్టుకుని చూస్తూ ఉంది. గోడ గడియారంలో రెండున్నర అయింది.

"దుర్గమ్మ ఎందుకు ఒప్పుకుంది మరి?" అని అడిగింది ఆమె. "పోలీసులు మాత్రలు మింగించిందన్నారు, నేను నమ్మాను. నా పిండి బిళ్లలకూ దానికీ సంబంధం లేదనుకున్నాను. నమ్మకపోతే నా మీదికి వస్తుందని కూడా నమ్మానేమో. నాకు తెలీదు."

మొగిలయ్య వినడం లేదు. చిన్న పుస్తకం తెరిచి చూస్తున్నాడు. "మూడు షీట్లే నింపిన అన్నవ్. దుర్గమ్మ కొన్నది నాలుగు."

"అమ్మ నాకెప్పుడూ మూడే ఇచ్చేది."

"నాలుగోది ఏడేండ్ల సంది నడుస్తుంది. ఏడేండ్ల కింద దుర్గమ్మ ఇంట్ల ఏమన్న అయ్యిందా?"

"వాళ్ల పెద్దబ్బాయి పోయాడు. నాచారంలో లారీ కింద. అప్పుడు అమ్మే దుర్గమ్మకు ధైర్యం..." విజయశ్రీ నోరు అట్లాగే తెరుచుకుని ఉండిపోయింది.

పదిహేను మాత్రలు వారానికి. రోజుకు రెండు. కొంగులో దొరికిన ఎనిమిది త్రిపురసుందరమ్మను చంపడానికి దాచినవి కావు. దుర్గమ్మవి. అవి బుధవారం మధ్యాహ్నం జగన్మోహన్ గుంజుకున్నాడు. చెమట, వణుకు, చీమలు, నిద్ర లేకపోవడం. పొద్దున అది భయం అనుకున్నాడు మొగిలయ్య. భయమే అయితే బాగుండును. మాత్రలు లేక ఇప్పటికి యాభై గంటలు.

ఫోన్ తీసి జగన్మోహన్‌కు కొట్టాడు. రెండు రింగులకు కట్ అయింది. మళ్లీ కొట్టాడు. స్విచ్చాఫ్.

"లే తల్లీ. నడువు."

మూడూ పదికి స్టేషన్ ముందు చేతక్ ఆగింది. అప్పటికే జీపు తయారుగా ఉంది. సంతోషి రెక్క పట్టుకుని దుర్గమ్మను మెట్లు దించుతోంది. ముందు జగన్మోహన్, చేతిలో ఫైలు.

"సార్, ఈమెను దవాఖానకు తీస్కపోవాలె. కోర్టుకు కాదు."

"అడ్డం లే మొగిలయ్యా."

"మాత్రలు మార్చింది నేను." విజయశ్రీ వెనక నుంచి అంది. "దుర్గమ్మ కాదు. రాసిస్తాను. సంతకం పెడతాను."

జగన్మోహన్ ఆమె వంక, మొగిలయ్య వంక మార్చి మార్చి చూశాడు. "బాగానే అల్లారు. కూతురు మార్చిందట, పిండి బిళ్లలు మింగి తల్లి పోయిందట. మరి ఈవిడ ఎందుకు ఒప్పుకుంది? నేను కొట్టలేదు. తిట్టను కూడా తిట్టలేదు. అడుగు."

మొగిలయ్య దుర్గమ్మ ముందుకు వెళ్లాడు. ఆమె పెదవులు తెల్లబడి ఉన్నాయి.

"అక్కా, ఆ గోలీలు నీయే గదా. అమ్మే ఇచ్చింది గదా."

తల ఊపింది. "కొడుకు పోయినప్పటిసంది. రోజుకు రెండు లెక్కన వారానికొక షీటు ఇచ్చేది. ఎవ్వరికి చెప్పకే, నా లెక్కనే నీకు గూడ పేరు పెడ్తరు అన్నది."

"మరి నేనే సంపిన అంటవేందక్కా?"

దుర్గమ్మ విజయశ్రీ వైపు చూసింది, ఆమె అక్కడున్నట్టు ఇప్పుడే కనిపించినట్టు. "మంగళారం అమ్మ అడిగింది బిడ్డా. నా గోలీలు పన్జేస్తలేవే దుర్గమ్మా, నా పానం పోతుందే, నీ దగ్గర ఉంటయి గదా, రెండియ్యవే అని నా గదుమ పట్టుకోని బతిలాడింది. లేవన్న. అయిపోయినయన్న." చంకల్లోంచి చేతులు తీసి ముందుకు చాపింది. అవి ఆమె చేతుల్లా కాక వేరేవాళ్లవేమో అన్నట్టు కొట్టుకుంటున్నాయి. "కొంగుల పది ఉండె. అమ్మకిస్తే నాకు తక్కువ వడ్తయనుకున్న. పొద్దుగాల్ల వోయేసరికి అమ్మ లేదు. నేను సంపకుంటే ఎవ్వరు సంపినట్టు సారూ?"

విజయశ్రీ ఒక్క అడుగు వేసి ఆమె చేతులు పట్టుకోబోయింది. ఆ చేతులు అందలేదు. దుర్గమ్మ మెడ ఒక పక్కకు తిరిగిపోయింది, కళ్లు పైకి పోయాయి, నిలువునా మెట్ల మీద పడింది.

"నాటకం," అన్నాడు జగన్మోహన్. అలవాటు కొద్దీ నోరు అంది. ముఖం మాత్రం పాలిపోయింది.

మొగిలయ్య ఆమెను పక్కకు ఒత్తిగిల్లేలా తిప్పి తల కింద తన చెయ్యి పెట్టాడు. "జీపు తియ్యుండ్రి."

మూడూ ముప్పై ఎనిమిదికి దగ్గర్లోని నర్సింగ్‌హోం క్యాజువాలిటీలో కర్టెన్ వెనక దుర్గమ్మను మంచం మీద వేశారు. విజయశ్రీ మందు పేరు చెప్పింది, మోతాదు చెప్పింది, ఏడేళ్లని చెప్పింది. డ్యూటీ డాక్టరు కుర్రవాడే గానీ తొందరపడకుండా కాగితం మీద రాసుకుంటున్నాడు.

"ఆఖరి మాత్ర ఎప్పుడు వేసుకుంది? ఇప్పుడు నేను ఇచ్చే ఇంజెక్షను దాని మీదే ఆధారపడి ఉంటుంది."

"పోలీసులు పట్టుకునేదాకా ఆమె దగ్గరనే ఉండె," అన్నాడు మొగిలయ్య.

డాక్టరు జగన్మోహన్ వైపు తిరిగాడు. "ఎప్పుడు పట్టుకున్నారు?"

జగన్మోహన్ ఫైలు చంకలోకి జరుపుకున్నాడు. అందులో తన సంతకంతో, స్టేషన్ ముద్రతో తేదీ, సమయం రాసి ఉన్నాయి. ఈ డాక్టరు రాసుకునే కాగితం మీద ఇంకోటి పడితే రెండూ ఏదో ఒకనాడు ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుంటాయి.

"ఇవాళ పొద్దున," అన్నాడు. "ఆరింటికి."

"అంటే పదిగంటలు కూడా కాలేదు." డాక్టరు కలం ఆపి నొసలు చిట్లించాడు. "అంతలో ఫిట్స్ రాకూడదే. అయితే ఇది ఆ మందు వల్ల కాకపోవచ్చు. ముందు తలకు స్కాన్ తీయిద్దాం..."

మొగిలయ్య నోరు తెరిచేలోపు గుమ్మం దగ్గర నుంచి ఇంకో గొంతు వచ్చింది.

"బుధవారం డాక్టర్ సాబ్." సంతోషి టోపీ చేతిలోకి తీసుకుని ఉంది. ఇన్‌స్పెక్టరు వైపు చూడకుండా చెప్పింది. "బుధవారం పగలు పన్నెండింటికి. రెండు రాత్రులు నా పక్కనే ఉన్నది. నీళ్లడిగితే నాటకమని నేనే తిట్టిన. నా పేరు రాస్కోండ్రి. కానిస్టేబుల్ సంతోషి."

డాక్టరు తలెత్తి ఆమెను చూశాడు. రాశాడు.

జగన్మోహన్ ఫైలు తెరవకుండానే ఫోన్ తీసి, నంబరు వెతుక్కుంటూ వరండాలోకి నడిచాడు. ఎవరికి చేస్తున్నాడో మొగిలయ్యకు తెలుసు: పైవాళ్లకు, సంతోషి మీద. పదేళ్ల కింద తన ఉద్యోగం ఊడబెరికిన ఫోను కూడా ఇట్లాంటి వరండాలోంచే పోయింది.

మొగిలయ్య వెనకే వెళ్లబోయాడు. అడుగు తీసేలోపు కర్టెన్ లోపల ఇనప మంచం గడగడా కొట్టుకోవడం మొదలైంది. డాక్టరు కలం విసిరేసి, ఇంజెక్షను తెమ్మని అరుస్తూ లోపలికి దూకాడు.